కళాశాలలో లైంగిక వేధింపులకు కారణాలు: విద్యార్థులను అడిగి తెలుసుకునే పద్ధతి

ఏటా సంక్రాంతి సెలవులు ముగిసేసరికి డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులో, సోషల్ వర్క్ చదివే పీజీ విద్యార్థులో ప్రాజెక్టు అంశంగా లైంగిక వేధింపులను ఎంచుకుని, ఒక ప్రశ్నావళి రాసుకుని నా దగ్గరకు వస్తుంటారు. ఆ కాగితం నడిమధ్యన దాదాపు ఎప్పుడూ ఒకే ప్రశ్న ఉంటుంది: ‘కళాశాలల్లో లైంగిక వేధింపులకు ప్రధాన కారణం ఏమిటి?’ దాని కింద వస్త్రధారణ, సినిమాలు, మొబైల్ ఫోన్లు, మద్యం, పెంపకం అని అయిదు గడులు ఉంటాయి. వంద మంది చేత టిక్కులు పెట్టించి, ఎక్కువ టిక్కులు పడినదే కారణమని తేల్చి, బైండింగు చేయించి సమర్పిస్తారు. అలా తేలేది కారణం కాదు. కారణం గురించి ఊళ్ళో చెలామణిలో ఉన్న అభిప్రాయం మాత్రమే. అభిప్రాయాన్నీ, జరిగినదాన్నీ వేర్వేరుగా అడిగి, ఆడపిల్లల జవాబులనూ మగపిల్లల జవాబులనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే కారణం ఎక్కడుందో కొంతైనా కనిపిస్తుంది. విశాఖపట్నంలోని ఏ కళాశాలలోనైనా విద్యార్థులు గానీ, అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యులు గానీ ఆ పని ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మాటలు తేల్చుకోవాలి

ఈ విషయానికి మన వాడుకలో చిరకాలంగా ఉన్న మాట ‘ఏడిపించడం’. అన్నయ్య చెల్లెలిని ఏడిపిస్తాడు, బావ మరదలిని ఏడిపిస్తాడు, మద్దిలపాలెం బస్టాపులో నిలబడ్డ నలుగురు దారినపోయే అమ్మాయిని ఏడిపిస్తారు. మూడింటికీ క్రియ ఒక్కటే. ఏడ్చేది ఒకరు, నవ్వేది మరొకరు అన్న సంగతి ఆ మాటలోనే ఉన్నా, అలవాటు వల్ల మన చెవికి తగలదు. పత్రికలేమో ‘ఆకతాయిలు’, ‘పోకిరీలు’ అని రాస్తాయి. ఆ మాటలు వినగానే కళ్ళముందుకు వచ్చేది బైకు మీద తిరిగే పరాయి కుర్రాడే తప్ప, పక్క బెంచీలో కూర్చునే క్లాస్‌మేటో, రికార్డు మీద సంతకం పెట్టే సారో కాదు. కనుక ప్రశ్నావళి మొదటి భాగంలో ‘ఏడిపించడం’ గానీ, ‘ఈవ్ టీజింగ్’ గానీ, ఆ మాటకొస్తే ‘లైంగిక వేధింపు’ గానీ ఎక్కడా రాయవద్దు. పేరు పెట్టకుండా పనిని వర్ణించి, అది జరిగిందా లేదా అని మాత్రమే అడగాలి.

ఏ పనులను అడగాలో నిర్ణయించడానికి చట్టం చాలావరకు ఆధారమవుతుంది. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ‘విశాఖ మార్గదర్శకాలు’ అనగానే అవి మన నగరానికి సంబంధించినవనుకునే వారు మన కళాశాలల్లో చాలామందే ఉన్నారు. ఆ విశాఖ రాజస్థాన్‌కు చెందిన ఒక మహిళా సంస్థ. అక్కడ బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించిన గ్రామస్థాయి కార్యకర్త భంవరీ దేవిపై 1992లో జరిగిన సామూహిక అత్యాచారం దరిమిలా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న ఆ మార్గదర్శకాలను ఇచ్చింది. వాటి స్థానంలో 2013లో పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే చట్టం వచ్చింది. ఇష్టంలేని స్పర్శ లేదా చొరవ, లైంగిక కోరిక తీర్చమని అడగడం, లైంగిక అర్థం ధ్వనించే వ్యాఖ్యలు, అశ్లీల దృశ్యాలు చూపించడం, ఇదే స్వభావం గల ఇతర మాటలు, చేష్టలు అని ఆ చట్టం అయిదు రకాలు చెప్పింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2015 నాటి నిబంధనలు, అంటే 2016 మేలో గెజెట్‌లో ప్రకటించినవి, ఈ రక్షణను విద్యార్థులకు వర్తింపజేశాయి. బాధితుల్లో ప్రధానంగా స్త్రీలే ఉన్నా, కొందరు మగ విద్యార్థులూ, థర్డ్ జెండర్ విద్యార్థులూ ఉంటారని ఆ నిబంధనలు స్పష్టంగా గుర్తించాయి. కాబట్టి మొదటి భాగం ప్రశ్నలు అందరికీ ఒకే విధంగా ఉండాలి. అబ్బాయిలకు ఒక కాగితం, అమ్మాయిలకు వేరొక కాగితం ఇస్తే తరువాత పోల్చడానికి ఏమీ మిగలదు.

ప్రశ్నలు రాయడం

తొలిసారి ఈ పని చేయించినప్పుడు నేను రెండు పొరపాట్లు చేశాను. కాగితం పైన అలవాటు కొద్దీ రోల్ నంబరు గడి ఉంచాను. రెండవ పొరపాటు, ‘మీరు ఎప్పుడైనా లైంగిక వేధింపులకు గురయ్యారా?’ అని సూటిగా అడగడం. ఒకరిద్దరు తప్ప తరగతి అంతా ‘లేదు’ అని రాసి ఇచ్చింది. కాగితాలు సర్దుకుంటుండగా ఒక అమ్మాయి వెనకనుంచి వచ్చి, ‘మేడం, సర్వీస్ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చోబెట్టి గేరు వేసినప్పుడల్లా మోచెయ్యి తగిలిస్తుంటాడు, అది కూడా ఇందులోకి వస్తుందా?’ అని అడిగింది. ఆమె కూడా కాగితంలో ‘లేదు’ అనే రాసింది. లోపం ఆమెది కాదు, నా ప్రశ్నది.

అదే ప్రశ్నను ఇలా మార్చాలి: ‘గత 12 నెలల్లో, మీకు ఇష్టం లేకపోయినా ఎవరైనా కావాలని మిమ్మల్ని తాకడం, ఒరుసుకోవడం జరిగిందా? ఎన్నడూ లేదు, ఒకసారి, రెండు మూడుసార్లు, తరచుగా.’ కాలపరిమితి లేకపోతే స్కూలు నాటి జ్ఞాపకాలు కూడా వచ్చి చేరతాయి. ఒక ప్రశ్నలో ఒకే పని ఉండాలి. శరీరం గురించి వ్యాఖ్య, కాదన్న తరువాత కూడా మళ్ళీ మళ్ళీ ప్రపోజ్ చేయడం, ఇంటిదాకా వెంటరావడం, అడగకుండా ఫొటో తీసి గ్రూపులో పెట్టడం, అశ్లీల మెసేజ్ పంపడం, మార్కులకో హాజరుకో ముడిపెట్టి చనువు కోరడం, ఇలా పది, పన్నెండు పనులు సరిపోతాయి. ‘కాదన్న తరువాత’ అన్న రెండు మాటలు మరచిపోవద్దు. ఒకసారి మర్యాదగా ఇష్టం తెలపడాన్నీ, కాదన్నా విడవకపోవడాన్నీ ఒకే గడిలో వేస్తే అబ్బాయిలు ప్రశ్నావళినే నమ్మరు, అందులో వారి తప్పు కూడా లేదు.

‘అవును’ అన్న ప్రతి పనికి వెంటనే మూడు ఉపప్రశ్నలు రావాలి: ఎక్కడ, ఎవరు, ఆ తరువాత ఏమైంది. నా అనుభవంలో కారణాల గురించి ‘ఎందుకు’ అనే ప్రశ్నకన్నా ఈ మూడే ఎక్కువ చెబుతాయి. ‘ఎక్కడ’ అన్నదానికి ‘క్యాంపస్ లోపల, వెలుపల’ అని రెండు గడులు ఇస్తే చాలదు. మీ కళాశాలకు మీరే ఒకసారి చుట్టూ నడిచి, అక్కడి పేర్లతోనే జాబితా రాయండి: వెనక మెట్లు, కెమిస్ట్రీ ల్యాబ్, క్యాంటీన్ క్యూ, హాస్టల్ గేటు, కళాశాల బస్సు, ఆర్టీసీ కాంప్లెక్స్, సర్వీస్ ఆటో, క్లాసు వాట్సాప్ గ్రూపు. కళాశాల నడిపే బస్సు, స్టడీ టూరు, ఎన్ఎస్ఎస్ క్యాంపు, సాంస్కృతిక ఉత్సవం జరిగే చోటు కూడా నిబంధనల ప్రకారం క్యాంపస్ కిందికే వస్తాయి. అరకు టూరులో జరిగినది ‘బయట జరిగినది’ కాదు. ఆర్టీసీ బస్సులోనో, ఆటోలోనో జరిగినది మాత్రం పోలీసుల పరిధికి వెళుతుంది. ఈ విభజన నివేదిక రాసేటప్పుడు అక్కరకొస్తుంది.

‘ఆ తరువాత ఏమైంది’ అన్నదానికి గడులు: ఎవరికీ చెప్పలేదు, స్నేహితులకు చెప్పాను, ఇంట్లో చెప్పాను, లెక్చరర్‌కు చెప్పాను, కమిటీకి చెప్పాను. చెప్పిన వారికి ఏమి జవాబు దొరికిందో ఒక ఖాళీ గీత ఇచ్చి వారి మాటల్లోనే రాయమనండి. ‘ఊరుకో అమ్మా, వాడికి పరీక్షలున్నాయి’, ‘నువ్వు అటువైపు వెళ్ళకు’, ‘ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించేస్తారు’ లాంటి వాక్యాలు ఆ గీత మీదకు వస్తాయి. అవి అంకెలకు లొంగకపోయినా, నివేదికలో అన్నింటికన్నా బరువైన భాగం అవే.

అభిప్రాయాల ప్రశ్నను చిట్టచివరన ఉంచండి. తీసివేయమని నేను అనడం లేదు. ఒకే జాబితాను అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఇచ్చి, ఒక్కొక్క కారణంతో ఏ మేరకు ఏకీభవిస్తారో అయిదు మెట్ల కొలమానం మీద గుర్తించమనాలి. అయితే జాబితా బాధితుల చుట్టూనే తిరగకూడదు. దుస్తులు, రాత్రివేళ తిరగడం అనే వాటితో పాటు, ‘స్నేహితుల ముందు గొప్పకోసం చేస్తారు’, ‘ఏమి చేసినా ఏమీ కాదన్న ధీమా’, ‘మార్కులు వారి చేతిలో ఉండటం’, ‘కాదంటే మొహమాటమని అనుకోవడం’ కూడా ఉండాలి. జాబితాలో లేని కారణాన్ని ఎవరూ ఎంచుకోలేరు కదా.

అబ్బాయిలను ‘మీరు ఎవరినైనా వేధించారా’ అని అడిగితే ఒక్కరూ ఒప్పుకోరు. ‘మీ స్నేహబృందంలో ఎవరైనా ఒక అమ్మాయి మీద కామెంట్ చేసినప్పుడు మీరేం చేశారు: నవ్వాను, ఊరుకున్నాను, వద్దన్నాను, అక్కడినుంచి వెళ్ళిపోయాను’ అని అడగండి. వేధింపు చాలాసార్లు ఆ అమ్మాయిని ఉద్దేశించి కాక, పక్కనున్న మిత్రుల మెప్పు కోసం జరుగుతుందన్న సంగతి ఈ ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది. వద్దనాలని ఉండి ఊరుకున్నవారు ఎందరో తెలిస్తే, తరువాత ఎవరితో పని మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది.

ప్రశ్నావళి తెలుగులోనే ఉండాలి. పాడేరు, అరకు వైపునుంచో, శ్రీకాకుళం పల్లెలనుంచో వచ్చి హాస్టళ్ళలో ఉంటున్న వారికి ఇంగ్లీషు ప్రశ్న అర్థం కాకపోతే వారు ఖాళీగా వదలరు, పక్కవారి కాగితం చూసి టిక్కు పెడతారు. ముందుగా పదిమందితో చదివించి, ఎక్కడ ఆగిపోయారో చూసి సరిచేయండి.

కాగితాలు నింపించడం

ప్రిన్సిపాల్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అంతర్గత ఫిర్యాదుల కమిటీకి ముందుగా తెలియజేయాలి. కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయో లేదో చూడటం కూడా మీ అధ్యయనంలో భాగమే. ఆ కమిటీకి సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగంమంది స్త్రీలుండాలి, బయటి సంస్థనుంచి ఒకరుండాలి, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు ముగ్గురుండాలి. మీ కళాశాలలో ఇది కాగితం మీద మాత్రమే ఉందని తేలితే, ఒక కారణం ప్రశ్నావళి పంచకముందే దొరికినట్టే.

‘ఇష్టమున్నవారు రండి’ అని పిలిస్తే ఈ విషయం మీద ముందే పట్టింపు ఉన్నవారే వస్తారు. దానికి బదులు ఒక్కొక్క గ్రూపునుంచి ఒక్కొక్క సెక్షన్‌ను చీటీ తీసి ఎంచుకుని, ఆ సెక్షన్ మొత్తాన్నీ ఒకే గంటలో అడగండి. అబ్బాయిలనూ అమ్మాయిలనూ వేర్వేరు గదుల్లో, పరీక్షల్లో లాగా దూరం దూరంగా కూర్చోబెట్టండి. ఇంటర్నల్ మార్కులు వేసే లెక్చరర్ ఆ గదిలో ఉండకూడదు, సీఆర్ (తరగతి ప్రతినిధి) చేత కాగితాలు వసూలు చేయించకూడదు. తలుపు దగ్గర తాళం వేసిన పెట్టె ఉంచి, నింపినవారూ నింపనివారూ అందరూ మడిచి అందులోనే వేసేలా చూస్తే, ఎవరు ఖాళీగా ఇచ్చారో ఎవరికీ తెలియదు. లింగం గడిలో స్త్రీ, పురుషుడు, ఇతరులు, చెప్పదలచుకోలేదు అని నాలుగు ఉండాలి. గూగుల్ ఫామ్ సులువే గానీ, ఈమెయిల్ ఐడీ సేకరించే సెట్టింగు ఆపడం మరిస్తే మొత్తం నమ్మకం పోతుంది. హాస్టల్లో ఒకే ఫోను నలుగురు చూస్తుంటారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఎవరైనా మధ్యలో కన్నీళ్ళు పెట్టుకున్నా, తరువాత వచ్చి జరిగినది చెప్పినా మీరు విచారణ చేయవద్దు. వినండి, ‘ఎందుకు వెళ్ళావు’, ‘ఎందుకు చెప్పలేదు’ అని అడగకండి, దారి చూపించండి. కమిటీకి సంఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. పోలీసులకు 112, మహిళా హెల్ప్‌లైన్‌కు 181. 2024 జులై 1నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపు 75వ సెక్షన్, వెంటాడటం 78వ సెక్షన్, మాటతోనో సైగతోనో స్త్రీని అవమానించడం 79వ సెక్షన్ కిందకు వస్తాయి. డిగ్రీ మొదటి సంవత్సరంలో 17 ఏళ్ళవారు కూడా ఉంటారు. 18 ఏళ్ళలోపు వారిపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన వారి బాధ్యత. కనుక ‘ఎవరికీ చెప్పం’ అని ముందే హామీ ఇవ్వకండి. ‘కాగితంలో పేరు ఉండదు, కానీ మీరు స్వయంగా వచ్చి చెబితే కొన్ని సందర్భాల్లో మేం తెలియజేయాల్సి ఉంటుంది’ అని మొదటే చెప్పడం నిజాయితీ.

జవాబులను చదవడం

ముందు ప్రతి ప్రశ్నకూ అబ్బాయిల, అమ్మాయిల జవాబులను పక్కపక్కన రెండు వరుసలుగా వేయండి. శాతం రాసిన ప్రతిచోటా ఎంతమందిలో అన్నది కూడా రాయాలి. ఉదాహరణకు, 80 మంది అమ్మాయిల్లో 20 మందీ, 12 మంది అబ్బాయిల్లో ముగ్గురూ ఒకే జవాబు ఇచ్చారనుకుందాం; రెండూ 25 శాతమే గానీ, ముగ్గురి మీద ఆధారపడి అబ్బాయిల గురించి గట్టిగా ఏమీ చెప్పలేం. రెండు వర్గాల మధ్య తేడా యాదృచ్ఛికమా కాదా అని చూడటానికి కై స్క్వేర్ పరీక్ష చాలు. దాన్ని శాతాల మీద కాక మనుషుల సంఖ్యల మీద చేయాలి. ఏ గడిలోనైనా అంచనా సంఖ్య, అంటే రెండు వర్గాల మధ్య తేడా ఏమీ లేదనుకుంటే రావలసిన సంఖ్య, అయిదుకన్నా తక్కువ వస్తే చిన్న సంఖ్యలకు పనికొచ్చే ఫిషర్ పరీక్షకు మారాలి. ఒకటికి మించి టిక్కులు పెట్టే ప్రశ్న అయితే ఒక్కొక్క గడినీ విడిగా పరీక్షించాలి. మా విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఒకే పనిని చూసి స్త్రీలు వేధింపు అన్నంతగా పురుషులు అనరన్నది అనేక దేశాల అధ్యయనాల్లో కనిపించిన సంగతి. అయితే ఆ తేడా మనం ఊహించేంత పెద్దది కాదు. మార్కులకు ముడిపెట్టి కోరిక కోరడం లాంటి విషయాల్లో ఇద్దరి మాటా దాదాపు కలుస్తుంది. జోకులు, చూపులు, మళ్ళీ మళ్ళీ ప్రపోజ్ చేయడం లాంటి వాటిలోనే తేడా పెరుగుతుంది. మీ పట్టికలో కూడా ఏ పనుల దగ్గర తేడా పెరుగుతోందో చూడండి. దాన్ని ‘అమ్మాయిలు అతిగా తీసుకుంటున్నారు’ అని గానీ, ‘అబ్బాయిలకు తెలియదు’ అని గానీ వెంటనే అర్థం చెప్పవద్దు. తెలియకపోవడమే కారణమైతే అదే అబ్బాయి ప్రిన్సిపాల్ ఎదురుగా కూడా అలాగే ప్రవర్తించాలి కదా. మాస్టారు కనబడగానే మాట మారుస్తున్నాడంటే తెలుసన్నమాట.

ఇక దుస్తుల సంగతి. చివరి భాగంలో దానికి టిక్కులు పడతాయి, అమ్మాయిల నుంచి కూడా పడతాయి. దానితో వాదించనక్కరలేదు, మొదటి భాగంతో సరిచూస్తే చాలు. కారణమన్నది మారినచోట ఫలితం కూడా మారాలి. యూనిఫాం ఉన్న కళాశాలలో అందరూ వేసుకునేది ఒకే చుడీదారు. వేధింపు మాత్రం వెనక మెట్ల దగ్గర ఎక్కువగానూ, లైబ్రరీలో దాదాపు లేకుండానూ ఉంటే, దుస్తులు ఆ తేడాను వివరించలేవు. మెట్ల దగ్గర ఏముంది, లైబ్రరీలో ఏముంది అని వెళ్ళి చూడాలి: దీపం, రాకపోకలు, కూర్చునే ఉద్యోగి, గుంపుగా నిలబడటానికి వీలు. ఇదే వాదన ‘ఎవరు’ అన్న వరుసకూ వర్తిస్తుంది. ల్యాబ్ రికార్డు సంతకం, ప్రాజెక్టు గైడ్ ఎంపిక, వైవా మార్కులు ఒక్కరి చేతిలోనే ఉన్న విభాగంలో ఫిర్యాదులు లేకపోవడం అక్కడ ఏమీ జరగడం లేదనడానికి రుజువు కాదు; చెప్పలేకపోతున్నారేమో చూడాలి.

అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2018లో విజ్ఞాన, ఇంజినీరింగ్, వైద్య విద్యాసంస్థల మీద ప్రచురించిన నివేదిక, వేధింపులను అన్నింటికన్నా బాగా సూచించేది ఆ సంస్థ వాటిని సహిస్తుందన్న అక్కడివారి భావనే అని చెప్పింది. మన దగ్గర అది నిజమో కాదో మీ ‘ఆ తరువాత ఏమైంది’ అన్న గీతే చెబుతుంది. ఇంటర్‌లో అబ్బాయిలకో క్యాంపస్, అమ్మాయిలకో క్యాంపస్ పెట్టి, మాట్లాడుకుంటే తల్లిదండ్రులను పిలిపించి, డిగ్రీకి వచ్చేసరికి హఠాత్తుగా ఒకే గదిలో కూర్చోబెట్టడం వల్ల మామూలు పరిచయం ఎలా ఉంటుందో తెలియని తరం తయారవుతోందని నేను వ్యక్తిగతంగా అనుకుంటాను. అయితే ఇది నా అభిప్రాయమే. మీరు పరీక్షించదలిస్తే ‘ఇంటర్ ఎలాంటి కళాశాలలో చదివారు’ అన్న ఒక గడి చేర్చి చూడండి. సినిమాల ప్రభావం కూడా ఉండవచ్చు గానీ, అందరూ అవే సినిమాలు చూస్తున్న చోట ఈ సర్వేతో దాన్ని తేల్చలేం, తేల్చలేదనే రాయండి.

నివేదిక ఇవ్వడం

అయిదుగురికన్నా తక్కువమంది ఉన్న ఏ గడినీ విడిగా అచ్చువేయవద్దు. ఒక సెక్షన్‌లో నలుగురే అమ్మాయిలుంటే, ‘ఇద్దరు అవునన్నారు’ అని రాయడం పేర్లు రాసినదానితో సమానం. వారు రాసిన వాక్యాలను ఉదహరించేటప్పుడు గ్రూపు, సంవత్సరం తీసివేయండి. ప్రతి ఫలితం పక్కన ఆ పని ఎవరి చేతిలో ఉందో రాయండి: వెనక మెట్ల దీపం ఆఫీసు సూపరింటెండెంట్‌ది, సంతకాల అధికారాన్ని ఇద్దరికి పంచడం విభాగాధిపతిది, వాట్సాప్ గ్రూపు నియమాలు సీఆర్‌లవి, సాయంత్రం ల్యాబ్ వదిలే వేళకు బస్సు లేకపోతే టైంటేబుల్ వేసేవారిది. ‘విద్యార్థుల్లో చైతన్యం తేవాలి’ అన్న సిఫారసు ఎవరి బల్ల మీదకూ వెళ్ళదు గనుక ఎవరూ చేయరు. నివేదికను కమిటీకీ, ప్రిన్సిపాల్‌కూ ఇచ్చి తేదీతో రసీదు తీసుకోండి. ఫలితాలను అడిగిన సెక్షన్‌లకే ముందుగా చదివి వినిపించండి. అబ్బాయిల పట్టికనూ అమ్మాయిల పట్టికనూ ఒకే బోర్డు మీద వేసినప్పుడు వచ్చే నిశ్శబ్దాన్ని కాసేపు అలాగే ఉండనివ్వండి. అంకెలు కంప్యూటరులోకి ఎక్కించి సరిచూసుకున్న తరువాత కాగితాలను ఇద్దరు సాక్షుల ఎదుట చింపి కాల్చివేయాలి. ఆరు నెలల తరువాత ‘ఎక్కడ’ అన్న ప్రశ్న ఉన్న ఒక్క పేజీని మళ్ళీ అదే సెక్షన్‌లకు ఇచ్చి, వెనక మెట్ల గడిలో పడిన టిక్కులను పాతవాటితో పోల్చి చూడండి.